ఓట్లతో కట్టిన బండి

ఆ బండిని పుట్టించింది ఎవరని అడిగితే ఇప్పుడు నేనంటే నేనని వెయ్యిమంది లేస్తారు గానీ, అది పుట్టింది ఒక నర్సమ్మ మోకాళ్ల నొప్పుల్లోంచి.

తారు రోడ్డు కొండ కింద ఆగిపోతుంది. పైన క్వారీ, దాని పక్కన కూలీల ఇళ్లు. ఆవిడ డ్యూటీ అక్కడ, రోజూ ఎక్కీ దిగీ మోకాళ్లు అరిగిపోయాయి. క్వారీ రాళ్లు అవతలివైపు తీగ మీద ఊగుతూ సుఖంగా దిగుతాయి. మనుషులకి ఆ యోగం లేదు. పైన ఎవరికైనా పురిటినొప్పులొస్తే ఇంటి తలుపు ఊడదీసి, దానిమీద పడుకోబెట్టి, కొండ కిందే పట్నంలో ఉన్న ఆసుపత్రి దాకా మోసుకురావాల్సిందే. రోడ్డు మీద తిరిగే బండ్లు కొండెక్కవు, కొండెక్కే బండ్లని రోడ్డు మీద పోలీసులు తిరగనివ్వరు.

"రెండూ చెయ్యగలిగే బండి ఒకటి కట్టివ్వండి, మీకు పుణ్యముంటుంది" అని ఆవిడ మొగుణ్ణి అడిగింది.

మొగుడు మెకానిక్కు. చేతిలో పనితనం ఉన్నంతగా నోట్లో మాట లేదు. పెళ్లాం తన చేతుల్ని నమ్మి ఒక కోరిక కోరిందని పొంగిపోయాడు. ఎలాగైనా కట్టివ్వాలని మనసులో గట్టిగా అనుకున్నాడు.

సరిగ్గా అక్కడే బావమరిది కాలుపెట్టాడు. వీధిలో అందరూ అతన్ని మెజారిటీ అంటారు. సినిమాకి వెళ్దామా వద్దా అన్నా చేతులెత్తమనే రకం.

"నువ్వొక్కడివే బుర్ర బద్దలు కొట్టుకోవడం దేనికి బావా? ఫోన్లో గ్రూపు పెడదాం. ఎక్కడెక్కడివాళ్లో బొమ్మలు గీస్తారు, సామాన్లు పంపుతారు. ఏది బాగుంటే దానికి ఓటేస్తారు. నువ్వు బిగించుకుంటూ పోవడమే!"

గ్రూపు పెట్టారు. ఓటు పడకుండా బోల్టు కూడా తిప్పకూడదన్నది నియమం. మెకానిక్కు సరేనని మాటిచ్చాడు. మాట తప్పే మనిషి కాడు, అదే వచ్చిన చిక్కు.

మంది ఎక్కువైతే మజ్జిగ పలచనంటారు. ఇక్కడ పలచన కాలేదు, గట్టిపడి గడ్డకట్టింది. బురదలో దిగబడితే బండిని తాడుతో బయటికి లాగే యంత్రం ముందు పెట్టమన్నారు, పెట్టాడు. నెత్తిన వరసగా దీపాలన్నారు, పెట్టాడు. చక్రాల రంగు మీద మాత్రం గ్రూపు రెండుగా చీలిపోయింది. అన్నదమ్ముల్లాంటివాళ్లు మొహాలు చూసుకోవడం మానేశారు. నిజానికి ఆ మొహాలు అంతకుముందు కూడా ఎవరూ చూడలేదనుకోండి.

నర్సు కూడా గ్రూపులో రాసింది. వెనకాల ఒక మనిషి కాళ్లు చాపి పడుకునేంత చోటు, దాంట్లో బిగించిన మంచం, అంతే అడిగింది. అదే చోటుకి ఇంకెవరో ఫ్రిజ్ అడిగారు. ఓటింగు పెట్టారు. ఫ్రిజ్ గెలిచింది.

"కూల్‌డ్రింకులు పడుకుంటాయి, పురిటి మనిషి కూర్చుంటుందా?" అని ఆవిడ తమ్ముడి మీద విరుచుకుపడింది.

"నా మీద అరిస్తే ఏం లాభం అక్కా? జనం తీర్పు."

"కొండ మీద ఆడవాళ్లు జనం కారా? వాళ్లని ఎవరడిగారు?"

తమ్ముడు ఫోన్లో తల దూర్చాడు. ఆవిడ మొగుడి వైపు తిరిగింది. వెనక్కి జానెడు సాగదీస్తే మంచం, ఫ్రిజ్ రెండూ పడతాయని మెకానిక్కుకి తెలుసు. కానీ జానెడుకి ఓటు పడలేదు. లోపల కొట్టుకుంటూనే ఫ్రిజ్ బిగించేశాడు. ఆ పూట అతనికి అన్నం సయించలేదు.

బండి తయారైంది. రోడ్డు పర్మిషన్ కోసం ఇన్‌స్పెక్టరు వచ్చాడు. దీపాలు వెలిగించి చూశాడు, బ్రేకు తొక్కి చూశాడు, కిందకి దూరి చూశాడు. ఆశ్చర్యం, అన్నీ సరిగానే ఉన్నాయి.

"ఎవరు కట్టారు దీన్ని?"

"అందరం అండీ!" అన్నాడు మెజారిటీ, ఛాతీ విరిచి.

"అందరం అంటే కుదరదయ్యా. రేపు నడిరోడ్డు మీద చక్రం ఊడితే ఎవణ్ణి పట్టుకోవాలి? ఒక్క పేరు చెప్పు."

మెజారిటీ ఆ ప్రశ్న గ్రూపులో పెట్టాడు. చక్రాల రంగు కోసం చొక్కాలు చించుకున్న వెయ్యిమందీ కుక్కిన పేనుల్లా ఉండిపోయారు. చివరికి మెకానిక్కు తన పేరు రాయమన్నాడు. నంబరు వచ్చింది. వచ్చిన మరుక్షణం గ్రూపుకి ప్రాణం లేచొచ్చింది. "సాధించాం! మనం సాధించాం!" అని ఒకటే గోల.

మొదటి ప్రయాణం ఎక్కడికన్నది తర్వాతి ఓటింగు. కొండ మీద ఒకమ్మాయికి నెలలు నిండాయని నర్సు రాసింది. పట్నంలో బండ్ల ఎగ్జిబిషన్ ఉందని ఇంకొకడు రాశాడు. ఎటు పోయిందో చెప్పాలా? ఎగ్జిబిషన్ హాల్లో ఎర్ర తివాచీ పరిచి, థర్మోకోల్‌తో చేసిన రాయి మీద బండి ముందు చక్రం ఎక్కించి నిలబెట్టారు. నిజం బరువు వేస్తే ఆ రాయి పొడైపోతుందని లోపల ఇనుప బల్ల దాచారు. వచ్చినవాళ్లంతా ఫోటోలు దిగారు. మెకానిక్కు జేబులో తాళంచెవి పట్టుకుని పక్కనే నిలబడ్డాడు.

అప్పుడు పెళ్లాం ఫోన్ చేసింది.

"ఏమండీ, బిడ్డ అడ్డం తిరిగింది. వెంటనే బండి తీసుకొచ్చెయ్యండి."

అతని చెయ్యి తాళంచెవి మీద బిగుసుకుంది. కళ్లు మాత్రం, అలవాటు కొద్దీ, బావమరిది వైపు తిరిగాయి.

"ఒక్క క్షణం బావా. అడిగేద్దాం, మనవాళ్లు కాదనరు."

కాదనలేదు, చర్చించారు. బురదంటితే బహుమతి పోతుందని ఒకడు. ప్రాణం ముఖ్యమని ఒకడు. ప్రాణం ముఖ్యమే గానీ ఇది పద్ధతేనా అని మరొకడు. మెకానిక్కు ఒంటికాలి మీద నిలబడి ఆ మాటలన్నీ చదువుతున్నాడు. ‘పద’ అంటే పరిగెత్తడానికి సిద్ధం. ఆ ‘పద’ అనేవాడే లేడు.

గంట గడిచినా చర్చ తెగలేదు. ఎగ్జిబిషన్ హాలు ఆసుపత్రి దారిలోనే ఉంది. అద్దాల్లోంచి అతను చూశాడు. నలుగురు మనుషులు తలుపు మోసుకొస్తున్నారు. దానిమీద ఆ అమ్మాయి మెలికలు తిరిగిపోతోంది. పక్కన తన పెళ్లాం, మోకాళ్ల దాకా బురద, ఆ అమ్మాయి చెయ్యి పట్టుకుని పరుగులాంటి నడక. హాలు వైపు తల కూడా తిప్పలేదు.

మెకానిక్కు తల కొట్టేసినట్టయింది. "ఛీ, నా బతుకు" అని పైకే అనేసి, బయటికి దూకి తలుపు కింద భుజం పెట్టాడు. జేబులో తాళంచెవి, భుజం మీద పురిటి మనిషి. ఆసుపత్రి మెట్లెక్కుతుండగా ఫోను మోగింది. బండి పంపడానికి భారీ మెజారిటీతో ఆమోదం దొరికింది.

తల్లీబిడ్డా బతికారు, డాక్టరమ్మ చలవ. కబురు తెలిసి గ్రూపు పండగ చేసుకుంది. "మన బండి రెండు ప్రాణాలు నిలబెట్టింది!" అని ఒకరి భుజం ఒకరు తట్టుకున్నారు. బిడ్డకి పేరు పెట్టడానికి ఓటింగు కూడా మొదలైంది.

మర్నాడు పొద్దున్నే మెకానిక్కు ఎవర్నీ అడక్కుండా బండిని రాయి మీంచి దించి షెడ్డుకి తోలుకొచ్చాడు. ఫ్రిజ్ ఊడబీకి గేటు బయట పెట్టాడు. కాళ్లు ఇంకాస్త చాపుకునేలా వెనక్కి జానెడు సాగదీశాడు, మంచం బిగించాడు. ఒక్క బోల్టుకీ ఓటు పడలేదు. అయినా తిప్పాడు.

ఆ సంగతి మెజారిటీ గ్రూపుకి మోశాడు. నియమం తప్పినవాణ్ణి వెలివేయాలని ఓటింగు పెట్టారు.

ఫలితం వచ్చేసరికి నర్సు షెడ్డులో మందులపెట్టె బండిలోకి ఎక్కిస్తోంది. ఫోన్ చూసి చదివింది.

"మిమ్మల్ని తీసేశారండీ. అందరూ ఒక్కమాట మీద నిలబడ్డారు. ఒక్కరు కూడా కాదనలేదు."

మెకానిక్కు పానా కింద పెట్టాడు. వెయ్యిమందిలో ఒక్కడైనా తన వైపు ఉంటాడనుకున్నాడు పిచ్చిమనిషి. ఉన్నట్టుండి ఏదో తట్టి తలెత్తాడు.

"ఒక్కరు కూడానా? గ్రూపులో నువ్వూ ఉన్నావుగా?"

"ఉన్నాను. వెలివెయ్యండనే ఓటేశాను" అంది ఆవిడ, పక్క సీట్లో కూర్చుని తలుపు లాక్కుంటూ. "వాళ్లు వదిలేస్తేగానీ మీరు నాకు దక్కేలా లేరు. ఎక్కండి."