పాకం కింది చెయ్యి

రాండ్రి, జర దగ్గర దగ్గర కూసోండ్రి. ఓ భాయ్, ఆ క్రికెట్ ముచ్చట తర్వాత పెట్టుకో. నోర్లు బంద్, చెవులు ఖుల్లా! ఇది ఛత్రినాకల మా వాసవాంబ ముచ్చట. అబద్ధమైతే నా నాలుక మీద కారం పెట్టుండ్రి.

వాసవాంబ పాకం తీగ తీసిందంటే అది చార్మినార్ దాంక సాగుతది, ఆటోలన్నీ తలకాయ వంచుకొని దాని కిందికెళ్లి పోవాలె. గసొంటి చెయ్యి! ఆమె చేసిన గవ్వలనే పెనిమిటి సదాశివ ఇంటి ముంగటి దుకాణంల అమ్ముతడు. బోర్డు మీద మాత్రం ఆయన పేరే.

ఆ దినం గవ్వలు పాకంల పొర్లిస్తున్నది. కాలేజీల చదివే బిడ్డ మాన్య పక్కన కూసోని, ఫోన్ల బొమ్మ చూపెట్టింది. "అమ్మా, కరోనా వైరస్ చూడు."

"ఏందే, ఒళ్లంత కొమ్ములు!"

"కొమ్ములు కాదమ్మా, ప్రోటీన్లు. వాటితోనే మన కణాల సొరబడుతది. మన ఒంటి కాపలోళ్లు గుర్తువట్టకుండ వాటికి చక్కెర పూసుకుంటది."

"చక్కెర యాడికెళ్లి తెస్తది?"

"మనదే! మన కణాల వంటింట్లనే, మన చక్కెరనే పూయించుకొని బయటికొస్తది. కాపలోళ్లు తడిమి చూస్తే మనింటి మనిషి లెక్కనే తాకుతది. కణాన్ని పట్టుకునే తన చెయ్యిని ఆ చక్కెర కిందనే ముడుచుకొని దాస్తది. కణం తలుపు అందుకోవాల్నంటేనే ఆ చెయ్యి పైకి లేపుతది. కాపలోళ్లకు దొరికితే అప్పుడే దొరకాలె."

వాసవాంబ చేతుల గంటె ఆగిపోయింది. కంటికి కానరాదు, పొయ్యి లేదు, గిన్నె లేదు, అబ్బ, ఎంత కారీగరి, ఎంత పనితనం! దాని ముంగట నా పాకం ఏపాటిది అనుకున్నది. అనుకుంటనే తనింటి ముచ్చట యాదికొచ్చింది. కంచన్‌బాగ్ క్యాంటీనోళ్లు సోమవారం సంది మిఠాయి పనికి రా, జీతమిస్తం అన్నరు. ఈయన వద్దన్నడా? అన్లే. "మా ఇంటి మహాలక్ష్మివి, రాణి లెక్క కూసో, నీకెందుకు తిప్పలు" అన్నడు. అత్త గూడ గంతే, "నీ చేతిల అమృతమున్నది బిడ్డా" అనుకుంటనే జరమొచ్చిన దినం గూడ పొయ్యి కాడ కూసోవెట్టింది. తిడితే తిరగబడుతుండె. తీపి మాటకు లోపలి కాపలా జోగింది. అసలు మహాలక్ష్మి అని మొదలు పిల్చింది ఎవలు? కన్న తల్లి. ఆ తల్లి చక్కెరనే వీళ్లు పూసుకొని వచ్చిండ్రు!

గంటె పక్కన పెట్టి, పరదా జరిపి దుకాణంలకు పోయింది. సదాశివ పక్కింటి కొమురమ్మకు గవ్వలు జోకుతున్నడు.

"ఏమండి, మీ మాటే వింట. క్యాంటీనుకు పోను. రేపటి సంది రాణి లెక్క కూసుంట."

"షాబాష్! గిదీ మా మహాలక్ష్మి అంటే..." అని ముసిముసి నవ్విండు. నవ్వు సగంల ఆగింది. "మరి గవ్వలెవలు చేస్తరు?"

పాకం కిందికెళ్లి లేచింది చెయ్యి! అచ్చం ఫోన్ల బొమ్మ లెక్కనే. వాసవాంబకు కోపం గూడ రాలే. గిన్నేండ్లు నా పక్కన్నే ఉన్నదా ఇది అని కండ్లు పెద్దగ చేసి చూసింది.

"మీరే చెయ్యుండ్రి. సోమవారం నేను కంచన్‌బాగ్ పోతున్న."

"అది కాదు, నా బంగారం..."

"పోతున్న అన్న."

పరదా అవతల మాన్య చెప్పిన పాఠమంత దుకాణంల నిలవడి చెవొగ్గి విన్న కొమురమ్మ కౌంటర్ మీదికి వంగింది. "ఓ సేటూ! నీకున్న ఆ వైరస్ మా ఇంటాయనకు జర అంటియ్యరాదు? లగ్గమైన సంది ఒక్క తీపి మాట ఎరగ!"