ప్రామ్ సీటు కింద

గంపలగూడెం నుంచి ఆటోలో వచ్చిన ప్రామ్‌ను వరండాలో తెరిచీ తెరవగానే సుప్రజ రెండడుగులు వెనక్కి వేసింది. పులిసిన పాలకంపు, దానికి తోడు ఉచ్చకంపు. బెల్టు పట్టుకుంటే వేళ్లకు జిగురు అంటుకుంది. చక్రాల ఇరుసులకు వెంట్రుకలు, పేడ కలిసి ఉండలు కట్టాయి.

ఆమెకు ఎనిమిదో నెల. ఐదేళ్ల కిందట పెద్దపిల్ల కీర్తన కోసం కొన్న, పసిపిల్లల్ని పడుకోబెట్టి తోసే బండి అది. కీర్తన పెద్దదయ్యాక, తోటికోడలు పద్మలతకు లేక లేక కొడుకు పుడితే వాడికిచ్చింది. మళ్లీ తనకు అవసరం పడింది కదా అని పంపమంటే ఇదీ వచ్చిన తీరు!

ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని పద్మలతకు ఫోన్ చేసింది.

"అక్కా, పంపేముందు ఓసారి కడగొచ్చు కదా!"

"రెండుసార్లు కడిగాను సుప్రజా. ఎండలో కూడా పెట్టాను. ఆ వాసన ఎక్కణ్ణుంచి వస్తుందో నాకూ తెలియలేదు."

"కడిగితే ఇట్టా ఉంటుందా? ఇంత రోతలో పడుకోబెడితే వాడికి ఒంటినిండా పొక్కులు రాక ఏమొస్తాయి?"

పద్మలత ఫోన్ పెట్టేసింది. సుప్రజ చేతులు సబ్బుతో మూడుసార్లు కడుక్కున్నా వేళ్ల నుంచి కంపు పోలేదు.

మర్నాడు పొద్దున్నే భర్త వంశీకృష్ణ ప్రామ్‌ను మోటారు సైకిల్ వెనక కట్టుకుని, ఆమెను ఆటో ఎక్కించి, తిరువూరు బస్టాండు దగ్గరున్న జోజప్ప కొట్టుకు తీసుకెళ్లాడు. జోజప్ప సైకిళ్లు బాగుచేస్తాడు, మోటారు సైకిళ్లకు సీట్లు కుడతాడు. ప్రామ్‌ను బోర్లించి, స్క్రూలు తిప్పి చూశాడు.

"ఇవి కంపెనీలో బిగించినవేనమ్మా. ఇంతవరకూ ఎవరూ విప్పలేదు. పైన ఎన్ని నీళ్లు పోసి కడిగినా లోపలి మురికి పోదు."

సీటు ఊడదీశాడు. కింద రేకు మీద నల్లగా, అంగుళం మందాన పిండిలాంటిది పేరుకుపోయి ఉంది. స్క్రూడ్రైవర్‌తో గీకితే తెల్లపురుగులు మెలికలు తిరుగుతూ బయటపడ్డాయి. బొద్దింకల గుడ్లు జలజలా రాలాయి. సుప్రజ పక్క కాలువ దగ్గరికి పరిగెత్తి వాంతి చేసుకుంది.

మూతి కడుక్కుని వచ్చేసరికి జోజప్ప పట్టకారుతో ఏదో పట్టుకుని, నీళ్లలో జాడించి చూపించాడు. చిన్న ప్లాస్టిక్ పట్టీ. పుట్టినప్పుడు ఆసుపత్రిలో బిడ్డ చేతికి కట్టేది. వెలిసిపోయిన అక్షరాల్లో 'బేబీ ఆఫ్ సుప్రజ' అని చదవగలిగింది.

ఆమె ఆ పట్టీని చేతిలోకి తీసుకుంది. ఆ రోజు గుర్తొచ్చింది. కీర్తనకు నెల లోపే. డబ్బా పాల సీసా మొత్తం సీటులో ఒలికి సందుల్లోకి దిగిపోయింది. పైపైన తడిగుడ్డతో తుడిచి, తువ్వాలు పరిచి పిల్లను దాని మీదే పడుకోబెట్టింది. ఆ తర్వాత కూడా ఎన్నిసార్లో. విప్పి చూడాలన్న ఆలోచనే రాలేదు. వాసన వస్తే పౌడర్ చల్లేది.

"ఎవరిదమ్మా ఇది?" అన్నాడు జోజప్ప.

"మా పాపది," అంది. పురుగులు చూసినప్పుడు పుట్టిన రోత ఇప్పుడు తన మీదికే తిరిగింది. పద్మలత కొడుకు ఏడాది పాటు ఈ రేకు మీదే పడుకున్నాడు. వాణ్ణి చంకనేసుకుని ఆమె విజయవాడలో చర్మం డాక్టర్ల చుట్టూ తిరిగింది. వాళ్లు పండక్కి వచ్చినప్పుడు ఆ పొక్కులు చూసి, కీర్తనను వాడి పక్కన కూర్చోవద్దని తనే లాక్కొచ్చింది.

అక్కడే నిలబడి ఫోన్ చేసింది.

"అక్కా, ఆ కంపు మాదే. నీకిచ్చినప్పుడే లోపల ఉంది. సీటు కింద మా పాప చేతి పట్టీ దొరికింది."

"వాడి పొక్కులు చూసి నన్ను నేనే అసహ్యించుకున్నాను సుప్రజా," అంది పద్మలత. "శుభ్రంగా పెంచడం రాదేమో అనుకున్నాను. ఇప్పుడేమీ మాట్లాడను. తర్వాత చేస్తాలే."

జోజప్ప చాకలి సోడా కలిపిన వేడినీళ్లతో రేకు రుద్దాడు, చక్రాలకు గ్రీజు పెట్టాడు, కొత్త ఫోమ్ వేసి రెక్సిన్ కుట్టాడు. సాయంత్రానికి ప్రామ్ కొత్తదానిలా మెరిసింది.

"ఇక భయం లేదమ్మా," అన్నాడు.

సుప్రజ వంగి సీటు దగ్గర ముక్కు పెట్టి వాసన చూసింది. సబ్బు వాసన తప్ప మరేమీ లేదు.

"ఆ స్క్రూలు మళ్లీ ఓసారి విప్పండి," అంది. "ఎట్టా విప్పాలో నాకు నేర్పండి."