రిపేరక్క బోర్డు మీద ఫిర్యాదు

రిపేరక్కకి నోరెక్కువని వీధంతా అంటుంది. శుద్ధ అబద్ధం. ఆమె నోరు మామూలు నోరే, ఎక్కువైందల్లా బోర్డు. సెల్‌ఫోన్లు బాగుచేసే ఆమె దుకాణానికి, షట్టర్ పక్కన బయటి గోడమీద, రెండు మేకులకి ఒక నల్లబోర్డు వేలాడుతూ ఉంటుంది. ఒకప్పుడు దానిమీద "ఇచ్చట స్క్రీన్లు, బ్యాటరీలు మార్చబడును" అని ఉండేది. దాన్ని చదివి ఆగిన మహానుభావుడు ఒక్కడూ లేడు. ఒకరోజు పొద్దున్న పేపర్లో వార్తేదో చదివి ఒళ్ళు మండి, ఉన్నదంతా తుడిచేసి, సుద్దముక్కతో ఇలా రాసింది: "కొత్త ఫోన్ ఇంకా పలచబడిందట. కొన్నవాడి పర్సు కూడా." మధ్యాహ్నంలోపు పదిమంది ఆగి నవ్వారు. అందులో నలుగురు పగిలిన స్క్రీన్లతో లోపలికొచ్చారు. ఇంక ఆవిడ ఆగుతుందా?

అప్పటినుంచి రోజుకో మాట. పొద్దున్న తొమ్మిదింటికి రాయడం, సాయంత్రం దుకాణం కట్టేముందు తడిగుడ్డతో తుడిచెయ్యడం. నిన్నటి మాట ఇవాళ ఉండకూడదన్నది ఆమె పెట్టుకున్న నియమం, ఎంత బాగా కుదిరిన మాటైనా సరే.

"వెబ్‌సైట్లో 'అన్నిటికీ ఒప్పుకుంటున్నాను' అనే బటన్ అరచెయ్యంత, 'వద్దు' అనే బటన్ ఆవగింజంత. వాళ్ళడుగుతున్నది నా అనుమతా, నా కంటిచూపా?"

"ఏ ప్రశ్నకైనా జవాబు చెప్పే యంత్రం వచ్చిందట. తెలియకపోయినా తెలిసినట్టే చెబుతుందట. మా వీధిలో అలాంటివాళ్ళు ఎప్పటినుంచో ఉన్నారు, వాళ్ళకి కరెంటు కూడా అక్కర్లేదు."

"పిల్లలు చూడకూడని సైట్లలో ఇకనుంచి వయసు అడుగుతారట. 'పద్దెనిమిది నిండాయా' అంటే 'లేదండీ' అన్న పిల్లాణ్ణి ఒక్కణ్ణి చూపించండి, మీ స్క్రీన్ ఉచితంగా మారుస్తాను."

దారినపోయేవాళ్ళు బోర్డుకి ఫోటో తీసి ఎక్కడెక్కడో పెట్టేవారు. రిపేరక్కకి మాత్రం ఏ సైట్లోనూ ఖాతా లేదు. పొద్దస్తమానం జనం ఫోన్లు విప్పి వాటి పేగులు చూసే మనిషికి, ఇంటికెళ్ళాక మళ్ళీ ఫోన్ ముట్టుకోబుద్ధవుతుందా?

ఆ బోర్డంటే ఆమె అత్తగారికి కంటగింపు. అత్తగారు కౌంటర్ దగ్గర ఎత్తు స్టూలు మీద కూర్చుని, వచ్చిన ప్రతి ఫోన్‌కీ అంకె వేసిన చీటీ రబ్బరు బ్యాండుతో కట్టి, అదే అంకె వేసిన టోకెన్ మనిషి చేతిలో పెట్టేవారు. టోకెన్ చూపించకపోతే సొంత తమ్ముడికైనా ఫోన్ ఇచ్చేవారు కాదు. ఇక ఫిర్యాదులంటారా, ఆవిడ ఊపిరే అది. వీధిదీపం తొందరగా వెలిగిందని ఒకరోజు, ఆలస్యంగా వెలిగిందని మరోరోజు. కోడలొచ్చి ఇరవై రెండేళ్ళయింది. ఆ పిల్ల చేసిన పని ఒక్కటంటే ఒక్కటి బాగుందని ఆవిడ అనగా విన్నవాళ్ళు లేరు. కూర బాగా కుదిరితే మాట్లాడకుండా తినేవారు. రిపేరక్క దాన్నే మెప్పుగా తీసుకోవడం నేర్చుకుంది.

"నీ నోరు చాలక గోడకి కూడా నోరు పెట్టావా? ఏదో ఒకరోజు దుకాణం మీదికి తెస్తావే" అనేవారు అత్తగారు.

తెచ్చింది. ఒక మంగళవారం పొద్దున్న నోటీసు వచ్చింది. పక్కనే జిరాక్స్ కొట్టు నడిపే బాబాయ్ కళ్ళజోడు సవరించుకుని పైకి చదివాడు.

"మీ వ్యాఖ్యలను గత నెలలో అంతర్జాలంలో లక్షా పన్నెండు వేలమంది చూసినందున మిమ్మల్ని ఆన్‌లైన్ ప్రచురణకర్తగా పరిగణించడమైనది."

"ఆన్‌లైనా? బాబాయ్, మా బోర్డుకి ప్లగ్గు కూడా లేదు!"

"ఉండమ్మాయ్, అసలు సంగతి కిందుంది." బాబాయ్ గొంతు తగ్గింది. ఒక ఫోన్ల కంపెనీ ఫిర్యాదు చేసింది. ఏడాదిగా వాళ్ళు బ్యాటరీని ఫోన్‌లోపల జిగురేసి అతికించేస్తున్నారు. అడిగినవాళ్ళకి, అది వినియోగదారుడి భద్రత కోసమని కిందటి నెల్లో పత్రికల్లో ప్రకటన ఇచ్చారు. ఆ రోజు రిపేరక్క బోర్డుమీద రాసింది ఇదీ: "బ్యాటరీ ఊడకుండా అతికించింది మన భద్రత కోసమట. జేబుదొంగ కూడా 'నీ బరువు తగ్గించాను' అనే అంటాడు."

ఆన్‌లైన్ వ్యాఖ్యల పర్యవేక్షణ కార్యాలయం వారు నోటీసులో రెండు దారులు చూపించారు. మొదటిది, హామీపత్రం మీద సంతకం పెట్టి, ఇకమీదట రాయబోయే ప్రతి మాటనీ మూడు రోజుల ముందు ఆఫీసుకి పంపి అనుమతి తీసుకోవాలి. రెండోది, ఏడో నంబరు ఫారం నింపి, ఒక ఫిర్యాదుల అధికారిని నియమించుకుని, పదిహేను రోజుల్లో ఆ అధికారి చేత ఫిర్యాదు తేల్పించాలి. తేలేవరకూ దుకాణం లైసెన్సు రెన్యూవల్ ఆగుతుంది. ఆ లైసెన్సు గడువు నెలాఖరుకే తీరిపోతుంది.

ఆ మాటకి రిపేరక్క చేతిలోని ట్వీజర్ కిందపడింది. మొగుడు లారీ మీద పోతే పదిరోజులకి గాని ఇంటిముఖం చూడడు. ఇల్లు నడుస్తున్నది ఈ దుకాణం మీదే. షట్టర్ పడిందంటే ఒకటో తారీఖునుంచి పొయ్యి కూడా ఆలోచించి వెలిగించాలి.

"సంతకం పెట్టెయ్యమ్మాయ్, పీడాపోతుంది" అన్నాడు బాబాయ్.

"రేపటి వార్తమీద రాయాల్సిన మాట మూడు రోజుల ముందు ఎలా పంపను బాబాయ్? నేనేం సోది చెబుతున్నానా? నవ్వాలో వద్దో ఆఫీసులో మూడురోజులు కూర్చుని తేలుస్తారా? నేను పెట్టను!" అంది. భయం ఉంది, అయినా మాట మాత్రం గట్టిగానే వచ్చింది. ఏడో నంబరు ఫారం లాక్కుని అక్కడే నింపడం మొదలుపెట్టింది.

ఫిర్యాదుల అధికారికి ఉండవలసిన అర్హతల దగ్గర కలం ఆగింది. ఆ చిరునామాలోనే నివసించాలి. అన్నివేళలా అందుబాటులో ఉండాలి. ప్రచురణకర్త మాటకి లొంగని స్వతంత్ర వ్యక్తి అయి ఉండాలి. ఫిర్యాదుల విషయంలో విశేషానుభవం ఉంటే మంచిది. రిపేరక్క తలెత్తి కౌంటర్ వైపు చూసింది. అత్తగారు ఒక కస్టమర్‌కి, ఫోన్ కవరు ఇంత జిడ్డుగా ఎందుకుంచుకున్నావని క్లాసు పీకుతున్నారు.

"అత్తయ్యా, మీకో ఉద్యోగం."

"జీతమెంత?"

"లేదు."

"ఇన్నాళ్ళూ చేసిందీ అదేగా. ఎక్కడ పెట్టాలి సంతకం?" అన్నారు అత్తగారు. పెట్టాక కలం మూత బిగిస్తూ, "ఒకటి చెబుతున్నా విను. అధికారినంటే అధికారినే. నీ తప్పని తేలితే ఆ బోర్డు నా చేత్తోనే పీకేస్తా" అన్నారు.  వేళాకోళానికి మొదలెట్టిన పని నిజంగానే ఆవిడ చేతికి పోయిందని రిపేరక్కకి అప్పుడు అర్థమైంది.

పద్నాలుగో రోజు పదకొండింటికి ఆఫీసునుంచి ఒక అధికారి వచ్చాడు. చంకలో ఫైలు, భుజాన బ్యాగు, మొహాన చెమట. మంచివాడిలాగే ఉన్నాడు పాపం.

"ఫిర్యాదు చేసినవాళ్ళేరీ?" అడిగారు అత్తగారు.

"కంపెనీవాళ్ళు రారమ్మా. వాళ్ళ తరఫున నేనే."

"అయితే టోకెన్ తీసుకో నాయనా. నీ ముందు ఇద్దరున్నారు."

నలభై ఒకటో నంబరు టోకెన్ పట్టుకుని అధికారి బెంచీమీద కూర్చున్నాడు. ఒకావిడ ఛార్జింగ్ పిన్ను, ఒకాయన స్పీకరు అయ్యాక అతని వంతొచ్చింది. అతను ఫైలు తెరిచి, మర్యాదగానే చెప్పుకొచ్చాడు. ఫిర్యాదు న్యాయమని అమ్మగారు తేలిస్తే, బోర్డుమీద క్షమాపణ రాసి, తర్వాత బోర్డు తీసెయ్యాలి. అన్యాయమని తేలిస్తే కొట్టెయ్యవచ్చు. ఏదైనా సరే, ఫిర్యాదుల అధికారి తీర్పు ఏడు రోజులపాటు నలుగురికీ కనబడేలా ఉంచాలి.

"రాసిన సాయంత్రమే తుడిచేశాను కదండీ. మీ చట్టం తీసెయ్యడానికి ముప్పై ఆరు గంటలిస్తుంది, నేను తొమ్మిది గంటల్లో తీసేశా. నాకు సన్మానం చెయ్యాలి మీరు" అంది రిపేరక్క.

"నువ్వూరుకో. విచారణ నాది" అన్నారు అత్తగారు.

అధికారి స్టూలు దగ్గరికి వంగి గొంతు తగ్గించాడు. "అమ్మా, మీకూ ఆ బోర్డు ఇష్టంలేదని వీధిలో విన్నాను. రెండు మాటలు క్షమాపణ రాయించెయ్యండి. రెన్యూవల్ స్టాంపు నా బ్యాగులోనే ఉంది, ఇక్కడే కొట్టి వెళ్తాను. కొట్టేస్తే కంపెనీ ఊరుకోదు, ఫైలు పైకెళ్తుంది. ఎన్ని నెలలు పడుతుందో నేను చెప్పలేను."

 జిరాక్స్ బాబాయ్ గుమ్మంలో నిలబడి, రాయించెయ్యమని కళ్ళతోనే బతిమాలుతున్నాడు. రిపేరక్క తల వంచుకుని, వేడెక్కని సోల్డరింగ్ కడ్డీ వంక చూస్తూ కూర్చుంది. అత్తయ్య ఏం చేస్తారో ఆమెకి తెలుసు. ఇరవై రెండేళ్ళుగా తెలిసిన మనిషి.

"సరే గానీ, ఆ కంపెనీ ఫోన్, చచ్చినది, సొరుగులో ఒకటి ఉండాలిగా? తియ్యవే" అన్నారు అత్తగారు. తీసిన ఫోన్‌ని, దాంతోపాటు వేడిగాలి మిషన్‌నీ, పాత ఏటీఎం కార్డు ముక్కనీ అధికారి ముందు పెట్టారు. "బ్యాటరీ బయటికి తియ్యి నాయనా."

"నేనా? నేనెందుకమ్మా?"

"భద్రతన్నావుగా. ఎంత భద్రమో చూద్దాం."

అతను సగం నవ్వుతూనే మొదలుపెట్టాడు. వేడిగాలి పట్టాడు, కార్డుముక్క సందులో దూర్చాడు, అది విరిగింది. ఇంకో ముక్క ఇచ్చారు. గోరు విరిగింది. పది నిమిషాలకి నవ్వు పోయింది, ఇరవై నిమిషాలకి స్క్రీన్ టప్పున పగిలింది, వేలు చురుక్కుమంది. "అబ్బా!" అని చెయ్యి విదిలించుకున్నాడు. బ్యాటరీ మాత్రం ఉన్నచోటునుంచి కదల్లేదు.

"మరి మీ కోడలు ఎలా తీస్తుందమ్మా?" అన్నాడు, వేలు నోట్లో పెట్టుకుని.

"అలాగే, కాల్చుకుంటూ." అత్తగారు కోడలి కుడిచెయ్యి పట్టుకుని కౌంటర్ మీదికి లాగారు. చూపుడువేలు, బొటనవేలు కొసలు కమిలి, తోలు గట్టిపడిపోయి ఉన్నాయి. "ఇదిగో, వాళ్ళు చెప్పిన భద్రత. బ్యాటరీ పోయిందని కొత్త ఫోన్ కొనలేని ప్రతివాడూ ఈ వేళ్ళ దగ్గరికే వస్తాడు. ఆర్నెల్లనుంచి అన్నం కలుపుకుంటే మంటని చెంచాతో తింటోంది. నేను చూడలేదనుకుంటోంది."

రిపేరక్క తలెత్తి అత్తగారి వైపు చూసింది. ఆ చెంచా సంగతి ఆమె మొగుడికే తెలియదు.

అత్తగారు స్టూలు దిగారు. సుద్దముక్క తీసుకుని, మోకాళ్ళు పట్టుకుంటూ మెల్లగా బయటికి నడిచారు. ఆ రోజు కోడలు రాసిన మాటని కొంగుతో తుడిచేశారు. క్షమాపణే రాస్తున్నారనుకుని బాబాయ్ హమ్మయ్య అన్నాడు. అధికారి బ్యాగులోంచి స్టాంపు కూడా తీశాడు. ఆవిడ రాయడం పూర్తయ్యేసరికి వీధిలో ఏడెనిమిదిమంది పోగయ్యారు. అక్షరాలు వంకరగా, ఒక్కోటి అరచెయ్యంత ఉన్నాయి.

"ఫిర్యాదు విన్నాను. ఫోన్ విప్పించి చూశాను. మా కోడలు రాసింది నిజం. ఫిర్యాదు కొట్టేశాను. ఇట్లు, అత్త, ఫిర్యాదుల అధికారి."

"అమ్మా, ఆలోచించుకోండి. రెన్యూవల్ ఆగిపోతుంది. ఒకటో తారీఖునుంచి షట్టర్ ఎత్తకూడదు" అన్నాడు అధికారి. బెదిరింపు లేదు ఆ గొంతులో, బాధే ఉంది.

"ఎత్తం. బోర్డు షట్టర్‌కి బయటుంది నాయనా, లోపల కాదు. అది రోజూ మాట్లాడుతుంది. ఆ టోకెన్ ఇచ్చి వెళ్ళు, అంకెలు తక్కువైతే నాకు లెక్క తప్పుతుంది."

అతను నలభై ఒకటో నంబరు ఆవిడ చేతిలో పెట్టి, స్టాంపు బ్యాగులో వేసుకుని వెళ్ళిపోయాడు. మలుపు తిరిగేముందు ఒకసారి ఆగి, బోర్డుని ఫోటో తీసుకున్నాడని చూసినవాళ్ళు చెప్పారు.

బాబాయ్ గుమ్మంలోంచి లోపలికొచ్చాడు. "నా కొట్లో కిటికీ పక్కన బల్ల పట్టేంత చోటుందమ్మాయ్. ఒకటో తారీఖున సామాను తెచ్చేసుకో. అడిగితే జిరాక్స్ తీస్తున్నావని చెబుతా" అన్నాడు.

"ఎవరడిగినా బాగుచేస్తున్నాననే చెప్పు బాబాయ్" అంది రిపేరక్క.

సాయంత్రం ఆమె బయట పెట్టిన బెంచీ లోపలికి లాగింది, దీపాలు ఆర్పింది, షట్టర్ సగం దించింది. అలవాటుగా తడిగుడ్డ పట్టుకుని బోర్డు ముందు నిలబడింది. ఎంతసేపటికీ చెయ్యి లేవలేదు.

"తుడవ్వేం? కాళ్ళు లాగేస్తున్నాయి నాకు" అన్నారు వెనకనుంచి అత్తగారు.

"తుడవకూడదు అత్తయ్యా. తీర్పు ఏడు రోజులు ఉంచాలట, రూలు."

అత్తగారు ఒక్క క్షణం బోర్డు వైపు, ఒక్క క్షణం కోడలి వైపు చూశారు.

"రూలైతే ఉంచు మరి" అని, గుడ్డ ఆమె చేతిలోంచి తీసుకుని మడత పెట్టారు.