శభాష్ మాస్టారి పరీక్ష

చెప్పిన పని గుర్రం చేయగానే "శభాష్" అనేవాడు ఆ గుర్రాల మాస్టారు. ఆ వెంటనే కొరడా ఛెళ్లుమనేది. పని చేశాక కూడా ఒక దెబ్బ పడాలి, లేకపోతే మరిచిపోతుందని ఆయన సిద్ధాంతం. దాన్ని గుర్తు దెబ్బ అనేవాడు. ఇరవై ఏళ్లు అలాగే నడిచింది. అందరూ ఆయన్ని శభాష్ మాస్టారని పిలిచి నవ్వుకునేవారు. అందులో నవ్వాల్సిందేమీ లేదని ఎవరికీ తోచలేదు.

ఒకరోజు గుర్తు దెబ్బ గురితప్పి, ఒక నల్ల గుర్రం ఎడమ కన్ను పోయింది. ఆ నెత్తురు చూశాక మాస్టారు కొరడా పారేశాడు. కొట్టకుండా మచ్చిక చేసే పద్ధతి నేర్చుకుని పదిమందికీ నేర్పాలని, యాభయ్యో ఏట ఆ విద్య నేర్పే ఒక టీచరమ్మ దగ్గర శిష్యుడిగా చేరాడు.

ఏడాది తర్వాత చివరి పరీక్ష. కంచె లోపల అదే నల్ల గుర్రం. బయట తుపాకీతో దాని యజమాని, పక్కన టీచరమ్మ.

"ఇప్పటికే ఇద్దరి కాళ్లు విరగ్గొట్టింది మాస్టారూ. ఇవాళ కళ్లెం వేయించుకోలేదో, కాల్చేస్తాను."

"వేయించుకుంటుంది. మీరు కాస్త దూరం జరగండి."

గంటసేపు ఓపిక పట్టాడు. చివరికి గుర్రం తనంతట తానే వచ్చి కళ్లెంలో మూతి పెట్టింది. మాస్టారి గుండె పొంగింది. నోరు జారింది.

"శభాష్."

గుర్రం నిట్టనిలువునా లేచింది. డెక్క ఆయన పక్కటెముకల మీద దిగింది. ఎముక విరిగిన చప్పుడు కంచె అవతలికి వినిపించింది.

యజమాని తుపాకీ ఎత్తాడు. మాస్టారు పాక్కుంటూ వెళ్లి అడ్డం కూర్చున్నాడు.

"దాని తప్పేముందయ్యా? నేను నేర్పిన పాఠమే నాకు అప్పజెప్పింది."

గుర్రం మళ్లీ వచ్చి భుజం కరిచింది. చొక్కా నెత్తురుతో తడిసింది. ఆయన చెయ్యి ఎత్తలేదు, మాట్లాడలేదు. మూడోసారి దూసుకొచ్చి, అడుగు దూరంలో ఆగిపోయింది. వణుకుతూ తల దించింది. మాస్టారు ఒక్క మాటా లేకుండా కళ్లెం తొడిగాడు.

యజమాని తుపాకీలోంచి తూటాలు తీసేశాడు.

"పరీక్ష పాసయినట్టే. మొదటి క్లాసు ఎప్పుడు చెబుతారు?" అంది టీచరమ్మ.

"ముందు ఊపిరి తీసుకోనివ్వమ్మా."

ఎముకలు అతుక్కున్నాక ఆయన ముప్పై మంది శిష్యుల ముందు నిలబడ్డాడు.

"కొడితే గుర్రం వింటుంది, పిల్లాడూ వింటాడు. కానీ వాళ్లు నేర్చుకునేది మనం చెప్పిన పాఠం కాదు, మన దెబ్బ."