పనసకత్తి మెత్తబడిన వైనం

నేను ఒక పనసకత్తిని. పూర్వజన్మలో లారీ కింద కమాన్ పట్టాని. తుని దగ్గర ఒక కమ్మరి నన్ను కొలిమిలో ఎర్రగా కాల్చి, సాగగొట్టి, మళ్లీ కాల్చి నీళ్లలో ముంచాడు.

నా పరువంతా ఆ ముంచడంలోనే ఉంది. మామూలుగా ఇనుము పరమాణువులు కంటికి కనబడని చిన్నచిన్న పెట్టెల్లా అమరి, పెట్టెకు మూలమూలకీ ఒకటి, నట్టనడుమ ఒకటి చొప్పున కూర్చుంటాయి. బాగా ఎర్రబడితే నడుమనున్న ఆసనం రద్దయి, ఒక్కో పక్కకీ మధ్యన ఒకటి చొప్పున సర్దుకుంటాయి. ఆ కొత్త సందుల్లోకి ఉక్కులో ఉండే కర్బనం దూరుతుంది. హఠాత్తుగా చల్లార్చితే ఇనుము పాత వరసకు తిరగబోతుంది గానీ, కర్బనానికి దిగే వ్యవధి ఉండదు. పెళ్లిళ్ల రోజుల్లో బస్సెక్కినవాడిలా ఇరుక్కుపోతుంది. ఇక ఎవరూ కదలలేరు. ఆ కదలలేకపోవడం పేరే గట్టిదనం. మనుషుల్లోనూ అంతే అనుకుంటాను. పెళుసు పోవడానికి కాస్త సెగ చూపించి, కమ్మరి నన్ను నూకాలుకు అమ్మాడు.

నూకాలు పనసపొట్టు కొట్టి అమ్మేది. ఆమె చేతిలో నేనాడితే కాయ రవ్వలా రాలేది. బజారులో పొట్టు అడిగేవారు కాదు, ‘నూకాలు పొట్టు’ అడిగేవారు.

ఆ పేరు విని పెళ్లివంటల కామేశం గారు మొదటిసారి ఆమెను పిలిపించారు. “ఈ పెళ్లిలో కూర కుదిరిందా, మూఢం వచ్చేదాకా ప్రతి పెళ్లికీ నీదే పొట్టు,” అన్నారు.

పెళ్లి ముందురోజు కోడలు ఈశ్వరి అత్తకు సాయం చేద్దామనుకుంది. నాకంటిన పనసజిగురును గీకి విసిగి, నన్ను గ్యాసుపొయ్యి మీద పెట్టింది. జిగురు మాడింది. నా అంచు మసక ఎరుపెక్కింది. ఇరుక్కున్న కర్బనానికి ఆ వేడి చాలు, హాయిగా బయటపడింది. ఈశ్వరి నీళ్లు చల్లితే సుయ్‌మన్నాను. కమ్మరి దగ్గర వచ్చిన చప్పుడే, కానీ ఆ కాస్త వేడికి ఇనుము వరస మారదు కనుక చప్పుడే మిగిలింది. నీలిమచ్చలు పోయేలా బూడిదతో తోమింది.

“కత్తి తళతళలాడిపోతందే,” అంది నూకాలు మురిసిపోతూ.

“తవరి కోడలు కదత్తా మరి,” అంది ఈశ్వరి.

ఎలా తోమావని ఆమె అడగలేదు, ఈమె చెప్పలేదు. ఇళ్లలో సఖ్యత ఇలాగే నిలుస్తుంది.

పెళ్లింట నాలుగు దెబ్బలకే నా అంచు ఒరిగిపోయింది. నూకాలు సానబెట్టింది, మళ్లీ ఒరిగాను. కాయ తెగలేదు, నలిగింది.

“ఇదేవిటి నూకాలూ, పొట్టు కొట్టమంటే పచ్చడి నూరావు? ఇందులో ఆవ పెట్టనా, పసిపిల్లలకు తినిపించనా?” అన్నారు కామేశం గారు. తర్వాత గొంతు తగ్గించి, “చెయ్యి సడలిందమ్మా. వయసు మరి. ఇంటిపట్టున ఉండరాదూ?” అన్నారు.

ఆ జాలి ఆమెను కోసింది. ఆ రోజు ఆ ఇంట్లో సరిగ్గా తెగింది అదొక్కటే. నూకాలు నన్ను చూడలేదు, తన కుడిచేతిని తిప్పి తిప్పి చూసుకుంది. కబురు మరొకరికి వెళ్లింది. ఆమె మళ్లీ బజారుకు బుట్ట ఎత్తలేదు.

దసరాకు నన్ను కడిగి, పసుపు రాసి, పీట మీద పెట్టింది.

“కొట్టడవే మానేశావు కదత్తా, దీనికి పూజెందుకు?” అంది ఈశ్వరి.

“ఇన్నేళ్లు కూడెట్టిందే. చచ్చింది నా చెయ్యి, అదేటి చేసింది?”

బొట్టు పెట్టి, కళ్లు మూసుకుని, నా ముందు నూకాలు లెంపలేసుకుంది.