బురద కప్పిన నంబరు

భద్రాచలం బస్టాండులో కంట్రోలర్ సమ్మయ్య, మైకు పట్టుకునే ముందు వచ్చిన బస్సు నంబరులో చివరి అంకె చూస్తాడు. ఐదైతే లోలోపల ‘ఐదు’ అనుకుంటాడు, రెండైతే ‘రెండు’. ఏడో ఎనిమిదో అయితే చెల్లని పైసను పక్కకు నెట్టినట్టు వదిలేస్తాడు. ఆ తర్వాతే, ఖమ్మం వెళ్ళే బస్సు ఎక్కడ నిలిచిందో ప్రయాణికులకు చెప్తాడు. ఇన్నేళ్ళలో ఆ చిన్న తడబాటును పట్టించుకున్నవాళ్ళు లేరు.

పట్టించుకోవాల్సినవాడు ఒక్కడే. వాడు మధిరలో ఉన్నాడు. పేరు సాకిబ్.

సాకిబ్ తండ్రి అహ్మద్ పాషాకు అప్పట్లో వంతెన రోడ్డు మీద చిన్న దుకాణం ఉండేది. ఇత్తడి గిన్నెలకు కళాయి పూసేవాడు, జాలర్ల వలలకు కట్టే సీసపు గుండ్లు పోసేవాడు, పాత సామాన్లు కొనేవాడు. నదికి అవతల మిల్లులో మిషన్లు బిగించడానికి వచ్చిన తెల్లదొరలు తిరిగి వెళ్తూ వదిలేసిన చెత్తలో ఒక అట్టపెట్టె ఆయన తూకానికి వచ్చింది. విప్పితే మడతల పలక, దాని మీద గళ్ళు గీసిన గుహ. వేలి కణుపంత సీసపు బొమ్మలు. కత్తి దూసిన వీరులు, గడ్డం మంత్రగాడు, కొమ్ముల రాక్షసులు, రెక్కలున్న పాము. అప్పటికి చిన్నపిల్లలైన సాకిబ్, సమ్మయ్య దానికి గుహ ఆట అని పేరు పెట్టుకున్నారు. నియమాల పుస్తకంలో అర్థమైనంత చదివారు, కానిచోట సొంతంగా కల్పించుకున్నారు.

చిక్కల్లా పాచికల దగ్గర వచ్చింది. సమ్మయ్య తల్లి భీమక్క పాచికలు చూడగానే గడప అవతలే ఆపింది.

“ధర్మరాజంతటోడు పాచికలాడి అడివిపాలైండు. నువ్వు పుట్టిందే అడివిల. ఇంకేడికి పోతవ్ కొడకా?”

పోనీ దుకాణంలో ఆడుకుందామంటే అహ్మద్ పాషా కూడా తల అడ్డంగా ఊపాడు. “మా దాంట్ల గూడ హరామే బేటా. బొమ్మలతోని ఎంతసేపైనా ఆడుకోండి. పాచికలు మాత్రం నా దుకాణంల దొర్లొద్దు.” అని వాటిని తీసుకుపోయి గోదావరిలో వేశాడు.

రెండు ఇళ్ళూ ఒక్కమాటే అనేసరికి ఇద్దరికీ దిక్కుతోచలేదు. చివరికి ఉపాయం సాకిబ్‌కే తట్టింది. దుకాణం ముందు నుంచే కదా బండ్లన్నీ వంతెన ఎక్కేది! వంతు వచ్చినవాడు రోడ్డు చూడాలి. తర్వాత వచ్చే బండి నంబరులో చివరి అంకె ఎంతైతే అంత. ఒకటి నుంచి ఆరు వరకే చెల్లుతుంది, తక్కినవైతే ఇంకో బండి కోసం ఆగాలి. ఒక ఆట ముగియడానికి ఎన్నో ఆదివారాలు పట్టేవి. ఎండలో, దుమ్ములో, రాబోయే లారీ కోసం ఇద్దరూ మెడలు చాచి కూర్చుంటే దారినపోయేవాళ్ళు చుట్టం కోసం చూస్తున్నారనుకునేవారు.

పాచికకూ బండి నంబరుకూ తేడా ఏమిటని సమ్మయ్య ఇప్పటికీ ఆలోచిస్తాడు. పాచికను మనిషి చెయ్యి విసురుతుంది. మరి బండిని ఎవరు విసురుతారు? పొద్దున్నే రాములవారి గుడి మెట్లెక్కుతూ చాలాసార్లు ఈ మాట అడిగాడు. జవాబు రాలేదు. అడగడం తప్పని కూడా అనిపించలేదు.

పెట్టె సాకిబ్‌ది కాబట్టి వీరులు వాడివి, రాక్షసులు సమ్మయ్యవి.

“రాములవారి ఊర్ల ఉండుకుంట రాక్షసుల దిక్కు ఆడుతున్నవేందిరా?” అని భీమక్క ముక్కున వేలేసుకునేది.

“ఎవలో ఒకలు ఆడాలె గదమ్మా!” అనేవాడు.

పెట్టె మూత లోపలివైపు ఇంకో బొమ్మ ఉండేది. ఈ ఆటకు రెండో భాగమట, నది రాజ్యం. అందులో పడవ, పడవ నడిపే ముసలివాడు, మొసలి మీద స్వారీ చేసే రాణి, నీళ్ళలో తల మాత్రమే పైకి కనిపించే రాక్షసుడు. త్వరలో వస్తుందని కింద రాసి ఉంది. త్వరలో అంటే వచ్చే దసరాకి అనుకున్నారు వాళ్ళు. దసరాలు పోయాయి. మిల్లుకు కొత్త దొర ఎవరు వచ్చినా అతని సామాన్ల వైపు ఆశగా చూశారు. నది రాజ్యం రాలేదు.

దాని బదులు అసలు నదే వచ్చింది. అది పంతొమ్మిది వందల ఎనభై ఆరు వరద.

అప్పటికి ఆట మధ్యలో ఉంది. పలకను మిట్ట మీదున్న సమ్మయ్య ఇంటికి, వడియాలు పెట్టుకునే చెక్క మీద పెట్టి మోసుకొచ్చారు. సాకిబ్ వీరుల్లో ఒక్కడే మిగిలాడు. వాడు గుహ నోట్లో నిలబడ్డాడు. ఆరు పడితే బయటపడతాడు, సాకిబ్ గెలుస్తాడు. పడకపోతే వెనకే ఉన్న కొమ్ముల రాక్షసుడు మింగేస్తాడు. వంతు సాకిబ్‌ది. కానీ రోడ్డు మీద నీళ్ళు, వంతెనకు దారి లేదు. బండి రాదు. ఇద్దరూ అరుగు మీద కూర్చుని, మనుషులు ఇళ్ళ గురించి ఏడుస్తుంటే, ఒక్క బండి కోసం చూశారు.

నీళ్ళు తీశాక వచ్చిన మొదటి బండి, మధిర నుంచి సాకిబ్ మేనమామ పంపిన లారీ. కళాయి దుకాణం గోడలతో సహా పోయింది. మిగిలిన నాలుగు సామాన్లు ఎక్కించారు. అహ్మద్ పాషా భీమక్కకు దండం పెట్టి ముందు కూర్చున్నాడు. లారీ కదిలాక, మూటల మీద నుంచి సాకిబ్ ఒక్కసారిగా అరిచాడు.

“సమ్మయ్యా! నంబర్ చూడురా!”

సమ్మయ్య వెనక పరిగెత్తాడు. నంబరు పలక నిండా ఎర్రటి బురద. ఒక్క అంకె కనబడితే ఒట్టు.

“కనబడ్తలేదురా!” అన్నాడు. అది వాడికి వినిపించిందో లేదో తెలియదు. లారీ వంతెన ఎక్కింది.

ఇంట్లో ఆట పలక అలాగే ఉండిపోయింది. శారద ఇంటికి కోడలై వచ్చింది, భీమక్క పోయింది. పిల్లలు కలగలేదు. అల్మారా మీద చెక్క, చెక్క మీద పలక, పలక మీద గుహ నోట్లో నిలబడ్డ వీరుడు. మొన్న రెండు వేల ఆరు వరదకు ఊరు ఖాళీ చేయమన్నప్పుడు జనం బియ్యం, బట్టలు నెత్తిన పెట్టుకుంటే సమ్మయ్య ఆ చెక్కను రెండు చేతులా ప్రసాదం పళ్ళెంలా పట్టుకుని, ఒక్క బొమ్మ ఒరగకుండా బడిదాకా నడిచాడు.

“గోదారొచ్చి మీద పడుతుంటే పెండ్లినడక నడుస్తున్నవేందయ్యా!” అని శారద వెనక నుంచి తిట్టింది. తిడుతూనే గొడుగు మాత్రం బొమ్మల మీద పట్టింది.

ఆ తర్వాతే ఒకరోజు నెట్ సెంటరుకు వెళ్ళి, పెట్టె మీది పేరు కాగితం మీద రాసి ఇచ్చాడు. అక్కడి అమ్మాయి వెతికి చూపించింది. ఏవేవో దేశాల వాళ్ళు, నడివయసు మనుషులు, ఆ ఆట గురించి రాసుకున్నారు. కంపెనీ మూతపడిందట. నది రాజ్యం బయటికే రాలేదట. మేమూ చిన్నప్పుడు ఎదురుచూశామని ఒకాయన రాశాడు. సమ్మయ్య ఆ వాక్యం దగ్గర చాలాసేపు ఆగాడు. సముద్రం అవతల ఎవరో అచ్చం తనలాగే మెడ చాచి కూర్చున్నారు. అయితే వాళ్ళకు బండి నంబర్లు తెలియవు. అది తెలిసినవాడు లోకంలో ఇంకొక్కడే.

బజారులో సీసం గుండ్లు కొన్నాడు. పుట్టమన్ను జల్లించి అచ్చులు చేశాడు. గరిటెలో సీసం కరిగించడం అహ్మద్ పాషా దగ్గర చూసి నేర్చిందే. ఆదివారాలన్నీ దానికే పోయాయి. మూత మీద బొమ్మలు ముందునుంచే కనిపిస్తాయి, వీపులు కనిపించవు. వీపులు తనే ఊహించుకోవాలి. పడవ ముసలివాడి వీపు దగ్గరికి వచ్చేసరికి చెయ్యి తనంతట తానే నడిచింది. కొలిమి ముందు వంగి వంగి గూని తేలిన అహ్మద్ పాషా వీపు వచ్చింది.

నది రాజ్యం పూర్తయ్యాక, సెలవు పెట్టి మధిర బయలుదేరాడు. అహ్మద్ పాషా చాచా పోయినప్పుడు ఒకసారి వెళ్ళాడు గానీ, అది ఆటలు మాట్లాడే వేళ కాదు. ఈసారి అడగాలి. పాత ఆట ముగించుకుని, కొత్తది మొదలుపెడదామా అని అడగాలి. స్టీలు డబ్బాలో దూది పరిచి బొమ్మలు సర్దుకున్నాడు. ఖమ్మం దాకా బస్సు, అక్కణ్ణుంచి ప్యాసింజరు రైలు. దారంతా ఆ ఒక్క మాటే మనసులో దిద్దుకున్నాడు.

సాకిబ్‌ది ఇప్పుడు మోటార్ల దుకాణం. బోర్లకు వేసే మోటార్లు, పైపులు. పొట్ట వచ్చింది, కళ్ళద్దాలు వచ్చాయి. చూడగానే లేచి వచ్చి గట్టిగా కావలించుకున్నాడు.

“ఏంట్రా, ఫోన్ కూడా చెయ్యకుండా! ఎన్నేళ్ళైంది! జెబా, ఇటురా అమ్మా. మా భద్రాచలం దోస్తు. చాచాకి సలాం చెప్పు.”

వాడి యాస మారింది. మాట ఎక్కడుంటే అక్కడి నీళ్ళు తాగుతుంది, అందులో తప్పేముంది అనుకున్నాడు సమ్మయ్య. సాకిబ్ కూతురు జెబా టీ తెచ్చింది. డబ్బా విప్పాడు.

“ఓహో, ఆ బొమ్మలాటా! అదింకా ఉందా నీ దగ్గర?”

“ఉన్నది. నీ మనిషి ఇంకా గుహ నోట్లనే నిలబడ్డడు.”

“నా మనిషా?”

“ఆరు పడాలె నీకు. యాదికి లేదా?”

సాకిబ్ నవ్వాడు. దాచుకునేది ఏమీ లేని నవ్వు. “ఏమోరా, ఏం గుర్తుంది! నువ్వే గెలిచుంటావులే. నువ్వెప్పుడూ తెలివిగలవాడివి.”

ఎవరో రైతు వచ్చి కాలిపోయిన మోటారు గురించి గొడవపెట్టుకున్నాడు. సాకిబ్ అతనితో మాట్లాడుతూనే పడవ ముసలివాడిని వేళ్ళ మధ్య తిప్పుతూ ఉన్నాడు. రైతు వెళ్ళాక బొమ్మ వీపు వైపు చూసి ఆగాడు.

“వెనక నుంచి చూస్తే ఎవరో తెలిసినాయనలా ఉన్నాడే...”

సమ్మయ్య టీ గ్లాసు పక్కన పెట్టి ముందుకు వంగాడు. అంతలో ఫోన్ మోగింది. మాట్లాడటం అయ్యేసరికి బొమ్మ క్యాలిక్యులేటర్ పక్కన నిలబడి ఉంది, సంగతి మారిపోయింది. సమ్మయ్య దాన్ని తీసుకోలేదు. తక్కినవి దూదిలో సర్ది మూత పెట్టాడు. దిద్దుకుని వచ్చిన మాట అడగకుండానే లేచాడు.

సాయంత్రం స్టేషన్‌కు సాకిబ్, జెబా తోడు వచ్చారు. రైల్వే గేటు తెరుచుకోగానే, అటు నుంచి పత్తి లారీ ఒకటి ఊగుతూ వచ్చింది. సాకిబ్ ఏదో చెబుతున్నవాడల్లా ఆగి, లారీ దాటిపోయేదాకా చూసి, మెల్లగా అన్నాడు.

“ఆరు.”

సమ్మయ్య వాడి వైపు తిరిగాడు.

“అబ్బాజాన్ ఎప్పుడూ ఇంతే చాచా,” జెబా నవ్వింది. “బండి పోతే చాలు, నంబర్ చదువుతారు. ఏడొస్తే మొహం తిప్పుకుంటారు, చూడండి ఎంత తమాషానో!”

సాకిబ్ సిగ్గుపడ్డాడు. “ఏదో అలవాటులేరా. ఎక్కడ అంటుకుందో నాకే తెలీదు. ఆరొస్తే మాత్రం ఎందుకో గండం గడిచినట్టుంటుంది.”

“ఎందుకో మీకు తెలుసా చాచా?” అని అడిగింది ఆ పిల్ల.

చెప్పడానికి నోరు తెరిచాడు సమ్మయ్య. చెబితే ఏమవుతుంది? సాకిబ్ గుర్తు తెచ్చుకోవడానికి అవస్థ పడతాడు. మంచివాడు, మర్యాద కోసమైనా గుర్తొచ్చిందంటాడు. ఆ మర్యాద తనకు వద్దు.

“ఆరు మంచి అంకె బిడ్డా,” అన్నాడు. రైలు వచ్చింది.

మర్నాడు డ్యూటీ నుంచి వచ్చి స్నానం చేసి, దేవుడి ముందు దీపం పెట్టి, అల్మారా మీది చెక్క కిందికి దించాడు. గుహ నోట్లో నిలబడ్డ వీరుణ్ణి పట్టుకుని ఒక్కొక్క గడే జరిపాడు. ఆరో గడిలో వాడు వెలుతురులోకి వచ్చాడు. ఇన్నేళ్ళూ వాడు నిలబడినచోట పలక మీద రంగు పోకుండా, చిన్న గుండ్రని మచ్చలా మిగిలింది.

వంటింటి గుమ్మంలోంచి శారద అడిగింది. “ఎవలు గెలిచిండ్రు?”

“సాకిబ్.”

“మరి ఆయనకు చెప్పినవా?”

“వాడే వేసిండు ఆరు. గెలిచిన సంగతి మాత్రం వానికి తెల్వదు.”

శారద పొయ్యి మీది కూర చూసుకోవడానికి లోపలికి పోయింది.

వీరులను, రాక్షసులను పాత పెట్టెలో పడుకోబెట్టి మూత వేశాడు. ఖాళీ అయిన చెక్క మీద నది రాజ్యం పరిచాడు. మొసలి రాణి, నీటి రాక్షసుడు, నడుమ పడవ. పడవ నడిపేవాడు మధిరలో క్యాలిక్యులేటర్ పక్కన ఉన్నాడు. ఎవరు ఏ ఒడ్డుకు చేరాలన్నా వాడు కావాలి.

దూరంగా వంతెన ఎక్కుతున్న బండి చప్పుడు వినిపించింది. ఈ ఆటలో మొదటి వంతు ఎవరిదో తెలియక, సమ్మయ్య కిటికీ వైపు తల తిప్పలేదు.