కొల్నాగికి దొరికిన ఓర్పు

నాకు అన్నిటికన్నా పెద్ద భయం ఒకటుంది. మా ఆయన పేరు దొనాతో. ఆయన పోలీసు స్టేషన్‌లోకి వెళ్తాడు, వెనక తలుపు మూసుకుంటుంది, అది మళ్ళీ తెరుచుకోదు. ఆ వేళకి నేను బయట ఉండను. పాపకు ఒళ్ళు కాలిపోయేంత జ్వరం వచ్చినా నేనింత భయపడలేదు.

నేను పెద్దగా చదువుకోలేదు. ఎనిమిదో తరగతి మధ్యలోనే మా అమ్మ బడి మాన్పించి కుట్టుమిషను ముందు కూర్చోబెట్టింది. మాట ముందూ వెనకా అయితే మీరే సర్దుకోండి. మీలో ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్ళున్నారు, చదువుకునే పిల్లలున్నారు. మీకు తెలియాలనే ఇదంతా రాస్తున్నాను.

మా తొర్రెసాల్సాలో బూట్ల ఫ్యాక్టరీ ఒకటే, ఫుట్‌బాల్ జట్టు ఒకటే. రెంటికీ యజమాని కల్దెరారో. ఫ్యాక్టరీలోనైనా మైదానంలోనైనా ఆయన్ని ప్రెసిడెంటు గారనే పిలుస్తాం. వారమంతా ఆయన బూట్లు కుడతాం. ఆదివారం ఆయన జట్టు కోసం గొంతులు చించుకుంటాం.

దొనాతో తోలు కోసే సెక్షన్లో, నేను కుట్టే సెక్షన్లో. మధ్యలో అద్దాల గోడ. ఆ శుక్రవారం జరిగిందంతా ఆ అద్దంలోంచి చూశాను. పాపకు పళ్ళొస్తున్నాయి, రాత్రంతా వాడే ఎత్తుకుని తిరిగాడు. తెల్లారి కళ్ళు మూతలు పడుతుంటే అచ్చు తిరగేయడం మరిచిపోయాడు. ఒక గుట్ట తోలంతా ఎడమ కాలికే కోసేశాడు.

మేస్త్రీ ఒక ముక్క తీసి వాడి మొహం మీద ఆడించాడు. అదే సమయానికి కల్దెరారో అటుగా వచ్చాడు.

“పాపకు బాగోలేదండీ. నిద్ర లేదు. ఇంకోసారి జరగదు,” అన్నాడు దొనాతో.

“ఇక్కడ ఇంకోసారి అనేదే లేదు,” అన్నాడు కల్దెరారో. నడక కూడా ఆపలేదు.

అంతే. దొనాతో చొక్కా మార్చుకుని వెళ్ళిపోయాడు. ఒక్క మిషను కూడా ఆగలేదు.

ఆ ఆదివారం మా జట్టు మళ్ళీ ఓడింది, అదీ సొంత మైదానంలో, పట్టికలో అట్టడుగున ఉన్న జట్టు చేతిలో. కోచ్ కొల్నాగి ఉత్తరాది నుంచి వచ్చినవాడు. ఆయన వచ్చాక మేం గెలవడం ఎలా ఉంటుందో మరిచిపోయాం. గ్యాలరీ అంతా లేచి “పో! పో!” అని అరిచింది. అప్పుడు కల్దెరారో మైదానంలోకి దిగి, కెమెరాల ముందు కొల్నాగి భుజం మీద చెయ్యేశాడు.

“మనిషన్నాక తప్పులు చేస్తాడు. నా మనుషుల్ని నేను వదులుకోను. అందరికీ కాస్త ఓర్పు కావాలి.”

వంటింట్లో టీవీ ముందు నిలబడి విన్నాను. టీవీ కట్టేశాను.

ఆ రోజు నుంచి కొల్నాగి మీద నాకు పట్టిన కుళ్ళు ఇంతా అంతా కాదు. ఆయన బార్లో కాఫీ తాగుతుంటే వీధికి అవతల నిలబడి చూసేదాన్ని. ఓడిపోయి కూడా ఉద్యోగం ఉన్న మనిషి చెంచా ఎంత తీరిగ్గా తిప్పుతాడో! ఆయన భార్య చేపల బజార్లో ఏరి ఏరి పెద్ద చేప తీయించుకుంటుంటే నా కళ్ళల్లో నిప్పులు పోసుకున్నట్టుండేది. ఆమె మొగుడు వారం వారం ఓడతాడు. నా మొగుడు ఒక్కసారి ఓడాడు. ఆమె మాత్రం రాత్రిళ్ళు నిద్రపోతుంది.

ఇంకో కుళ్ళు కూడా ఉంది. పని పోయాక దొనాతో రోజంతా అభిమానుల గదిలోనే ఉండేవాడు. మార్కెట్ వెనక పాత ఉప్పు గిడ్డంగి అది. బ్యానర్లు, డోళ్ళు, జెండాలు అన్నీ అక్కడే. అక్కడే లొరెదానా కూడా. గ్యాలరీలో డోలు కొట్టేది ఆమే. ఫ్యాక్టరీలో బూట్ల అడుగున సోళ్ళు అతికిస్తుంది. నవ్వితే వీధి చివరికి వినిపిస్తుంది. ఇంటికొచ్చి దొనాతో ఆమె మాటలే చెప్పేవాడు. ఒకరోజు పాపను చంకనేసుకుని వాళ్ళ సంగతేంటో చూద్దామని బయల్దేరాను.

లోపల పెద్ద గొడవగా ఉంది. లొరెదానా పళ్ళ మధ్య కుంచె పట్టుకుని నేల మీద వంగి ఉంది. గుడ్డ ముడత పడకుండా దొనాతో రెండు చేతులతో లాగి పట్టుకున్నాడు. ఇంట్లో పాలసీసా పట్టుకోమంటే చెయ్యి నొప్పంటాడు.

“అసుంతా! ఏంటిలా వచ్చావ్?” అన్నాడు.

“ఎలా రావాలి? డోలు కొట్టుకుంటూ రావాలా?”

లొరెదానా నవ్వింది. “రా వదినా, కూర్చో. ఏం రాయాలో తేలక వీళ్ళు కొట్టుకు చస్తున్నారు.”

“తేలకేముంది? ‘కొల్నాగీ, నీ బండి ఉత్తరానికి తిప్పు’ అని రాయండి,” అన్నాడు వీతో. లారీలకు లోడెత్తే కుర్రాడు, అందరికన్నా పెద్ద నోరు వాడిదే.

“పోయినసారిలా గాడిద అనే రాద్దాం,” అన్నారెవరో.

“వద్దురా, అప్పుడు గాడిదలు నొచ్చుకున్నాయి.”

అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. అక్కడ ఎందుకొచ్చానో కూడా మరిచిపోయాను. నోటికి ఏదొస్తే అది అనేశాను.

“నాకూ కొల్నాగి అంటే మంటే. మీకన్నా నాకే ఎక్కువ. కానీ ఆయన ఆట రాదని కాదు. మా ఆయనకు దొరకని ఓర్పు ఆయనకు దొరికిందని. మా ఆయన్ని గెంటింది కొల్నాగి కాదే! మీరు ఒక్క ఆదివారమైనా ఆ గెంటినవాణ్ణి తిట్టారా?”

మూల కుర్చీలోంచి సవీనో మామ లేచాడు. ఫ్యాక్టరీ జిగురు పీల్చి పీల్చి ఊపిరితిత్తులు పాడు చేసుకున్న మనిషి. అయినా గ్యాలరీలో మైకు పట్టుకునేది ఇప్పటికీ ఆయనే.

“సోమవారం పొద్దున్న ఫ్యాక్టరీలో మన గొంతులు ఎప్పుడైనా విన్నార్రా?” అన్నాడు. “అన్నీ బొంగురే. ఉన్నదంతా ఆదివారం కొల్నాగి మీద ఊడ్చి పోసేస్తాం. సోమవారం మేస్త్రీ తిడితే తిరిగి అనడానికి గొంతుండదు. కొల్నాగిని కల్దెరారో ఎందుకు ఉంచుకున్నాడనుకుంటున్నారు? వాడు ఆయనకు గొడుగురా. మనం ఎంత కురిసినా తడిసేది గొడుగే.”

“ఆపు మామా. ఫ్యాక్టరీ గొడవలు గ్యాలరీలోకి తేకు. ఇక్కడ జట్టు ఒక్కటే,” అన్నాడు వీతో.

“జట్టెవరిదిరా?” లొరెదానా కుంచె చేతిలోకి తీసుకుంది. “నువ్వెత్తిన లోడుతో కొన్నదేగా. పక్కూరి మరైరినెల్లా జట్టువాళ్ళను చూడు, మూడు మ్యాచులు ఓడగానే కోచ్‌ని మార్చుకున్నారని నువ్వేగా ఏడ్చావ్? వాళ్ళు మార్చుకోగలిగారు. నీ మాటెవరు వింటున్నారు ఇక్కడ?”

రాత్రి దాకా వాదించుకున్నారు. చివరికి సవీనో మామ నా వైపు తిరిగాడు. “పిల్లా, ఇందాక అన్నావే ఓర్పని. అదే రాద్దాం.”

మా పెళ్ళి నాటి దుప్పట్లు రెండు కలిపి, నల్ల గుడ్డతో అక్షరాలు కత్తిరించి నేనే కుట్టాను: కొల్నాగికి ఇచ్చిన ఓర్పు మాకూ ఇవ్వు.

పోలీసుల అనుమతి లేని బ్యానర్ మైదానంలోకి రానివ్వరు. దాన్ని మడిచి తోపుడుబండిలో పరిచి, పైన పాపను పడుకోబెట్టాను. గేటు దగ్గర పంటి నొప్పికి పాప ఆకాశాన్నంటేలా ఏడ్చింది. “తల్లీ, నువ్వెళ్ళమ్మా,” అని కాపలావాడు చెవులు మూసుకున్నాడు. నాకు గర్వంగా అనిపించింది. డోలు ఆమెదే కావచ్చు, బ్యానర్ లోపలికొచ్చింది మాత్రం నా బండిలో.

సొంత క్లబ్బు మీద కోపం వస్తే మా గ్యాలరీకి ఒక ఆచారం ఉంది. డోలు మోగదు, పాట ఉండదు, బ్యానర్‌ను తలకిందులుగా కడతారు. ఆ అలవాటు కొద్దీ వీతో, వాడి స్నేహితులు నా బ్యానర్ని కూడా తలకిందులుగా కట్టేశారు. ఎవరికీ అక్షరం అర్థం కాలేదు.

“ఒరేయ్, తిప్పండ్రా!” అని అరిచాను. అప్పటికే ముడులు బిగించేశారు.

గ్యాలరీ అంతా మెడలు వంచింది. ముసలాళ్ళు పక్కవాడి భుజం మీద తల వాల్చారు. ఒకడు వంగి కాళ్ళ మధ్యలోంచి చూశాడు. “కొ... ల్నా... గి...” కూడబలుక్కుని చదవడం మొదలుపెట్టారు. నిటారుగా కట్టి ఉంటే ఒక చూపు చూసి మ్యాచ్ వైపు తిరిగేవాళ్ళు. ఇప్పుడు ఒక్కో అక్షరం పట్టుకుని పైకి చదివారు, పక్కవాడికి చెప్పారు. ఎదుటి గ్యాలరీ వాళ్ళు “ఏం రాశార్రా?” అని అడిగితే వీళ్ళు గట్టిగా చెప్పారు. చెప్పిందే నినాదమైంది.

“ఓర్పు! మాకూ ఓర్పు!”

మొహాలు కోచ్ బెంచీ వైపు లేవు. పైన ప్రెసిడెంటు కుర్చీ వైపున్నాయి. కొల్నాగి వెనక్కి తిరిగి, తను కూడా మెడ వంచి చదువుకున్నాడు. ఎన్నో వారాల తర్వాత ఆ రోజు ఆయన్ని ఎవరూ తిట్టలేదు.

పోలీసులు మెట్లెక్కి వచ్చారు. “ఎవరు కుట్టారిది?”

“నేనే,” అన్నాడు దొనాతో. బొత్తాం ఊడితే చొక్కా నా ఒళ్ళో పడేసి పోయే మనిషి! నేను నోరు తెరిచాను. వద్దన్నట్టు పాప వైపు చూశాడు. నేను తేరుకునేలోపే లొరెదానా ముందుకొచ్చింది.

“వాడు కాదు. నేను.”

ఆ మాట నాకన్నా ముందు ఆమె అన్నందుకు అంత గొడవలోనూ నాకు మండింది. “నేను కుట్టాను!” అని అరిచాను. “నేను,” అన్నాడు సవీనో మామ. తర్వాత గ్యాలరీ మొత్తం. “నేను! నేను!”

అయినా దొనాతో ఒక్కణ్ణే ఈడ్చుకుపోయారు. వదిలారు గానీ శిక్ష వేసి వదిలారు. ఇక మైదానం గడప తొక్కకూడదు. మా జట్టు ఆడే ప్రతిసారీ, మ్యాచ్ మొదలయ్యే వేళకి స్టేషన్‌కి వెళ్ళి సంతకం పెట్టాలి.

మర్నాడు సోమవారం. కొల్నాగి మీద ఊడ్చి పోయలేదు గనక మా గొంతులు బొంగురుపోలేదు. ఒక ముసలామె కుట్టు వంకర పోయిందని మేస్త్రీ ఆమె పని ముక్కను నేలకేసి కొట్టాడు. “లేచి పో,” అన్నాడు. అంతలో సోళ్ళ సెక్షన్లోంచి చప్పుడు. లొరెదానా సుత్తితో బల్ల మీద కొడుతోంది. ఆదివారం డోలు దరువే. నా పక్కామె మిషను ఆపింది. నేనూ ఆపాను. తర్వాత ఒక్కో వరుసా ఆగింది. తోలు కోసేవాళ్ళు అద్దాల గోడ దాటి వచ్చారు. ఒక్క తప్పుకి గెంటేసిన వాళ్ళందరినీ తిరిగి తీసుకోవాలి, దొనాతో మీద కేసు ఎత్తేయాలి, అప్పటిదాకా మిషను తిరగదని మేస్త్రీకి చెప్పేశాం.

సాయంత్రానికి కల్దెరారో ఆవరణలోకి వచ్చాడు. మొహం నిండా నవ్వు.

“మీ మాట విన్నాను. కొల్నాగిని తీసేశాను. సంతోషమేనా? ఇక పనిలోకి వెళ్ళండి.”

“గెలిచాం!” వీతో ఎగిరి గంతేశాడు. సగం మంది ఒకరినొకరు కౌగిలించుకున్నారు. కొందరు మిషన్ల వైపు కదిలారు కూడా. సవీనో మామ గేటు అవతల నిలబడి దగ్గుతున్నాడు, ఆయన గొంతు మాదాకా రాలేదు. నేనే ముందుకెళ్ళాను.

“ప్రెసిడెంటు గారూ, ఇన్నాళ్ళూ మేం అరిస్తే మీకు వినపడలేదు. ఇవాళ మిషన్లు నోరు మూసుకుంటే ఎలా వినపడింది?”

ఆయన నవ్వు సగంలో ఆగింది. నేను మావాళ్ళ వైపు తిరిగాను. “గొడుగు మడిచేశాడు, అంతే. మనం ఒక మనిషిని గెంటమని రాశామా బ్యానర్ మీద? వీతో, తలకిందులుగా కట్టింది నువ్వేగా, ఏం రాసుందో చెప్పు!”

“మాకూ ఓర్పు ఇవ్వమని,” అన్నాడు వీతో. ఉన్నచోటే సిమెంటు మీద చతికిలబడ్డాడు. వాడి పక్కన ఇంకొకడు. తర్వాత అందరం.

అలా కూర్చున్నవాళ్ళం ఇంకా లేవలేదు. బ్యానర్ ఫ్యాక్టరీ గేటుకే వేలాడుతోంది, ఇప్పుడు కావాలనే తలకిందులుగా కట్టాం. దారినపోయే ప్రతివాడూ మెడ వంచి చదువుతున్నాడు. కొల్నాగి సామాన్లు కారులో వేసుకుని వెళ్తూ గేటు ముందు ఆగాడు. మెడ వంచాడు. హారన్ ఒకసారి కొట్టి వెళ్ళిపోయాడు. పక్కన ఆయన భార్య మొహం నిద్ర లేని మొహంలా ఉంది. ఆయన మీద నా కుళ్ళు అక్కడితో చల్లారింది.

ఈ ఆదివారం మా జట్టుకి మ్యాచ్ ఉంది. దొనాతో సంతకానికి వెళ్ళాలి. “ఈసారి సంతకం పెట్టి వెంటనే వెళ్ళకు, నీతో మాట్లాడాలి,” అన్నారట పోలీసులు. నేను వెళ్ళలేను. గేటు దాటినవాళ్ళని కాపలావాళ్ళు మళ్ళీ లోపలికి రానివ్వడం లేదు. ఒక్కో మనిషీ తగ్గుతూ పోతే మిషన్లు మళ్ళీ తిరుగుతాయి. గేటు మీదుగా అందుకున్న పాప నా ఒళ్ళోనే ఉంది, పన్ను బయటికొచ్చింది.

“నేను గోడ దూకి వెళ్ళి చూసొస్తా వదినా,” అంది లొరెదానా. వద్దన్నాను. నువ్వు లేకపోతే ఇక్కడ దరువెవరు కొడతారన్నాను. అది నిజమే. కానీ తలుపు తెరుచుకుని బయటికి రాగానే వాడికి ముందు ఆమె మొహం కనపడటం నాకిష్టం లేదు. ఇదీ నిజమే. కుళ్ళంతా పోయిందని మీకు అబద్ధం చెప్పను.

అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను. స్టేషన్ చర్చి పక్క వీధిలో ఉంది. మా ఆయన నీలం కోటు వేసుకుంటాడు, ఎడమ మోచేతి దగ్గర అతుకు ఉంటుంది, నేను వేసిందే. వెనక సందులో ఇంకో తలుపు కూడా ఉంది, అటు కూడా ఒకరు నిలబడండి. అలాంటివాడు ఇక్కడ లేడని చెబితే నమ్మి వెనక్కి రాకండి, వీధంతా వినపడేలా మళ్ళీ అడగండి. ఆదివారం మ్యాచ్ మొదలయ్యే వేళకి ఒక్కసారి అటు వెళ్ళి, మా దొనాతో బయటికొచ్చాడో లేదో చూడండి.